సారు చేతికి సరిపోయిన విమానం

మొన్న భూపాలపల్లి నుంచి రేగొండకు బస్సులో వెళ్తుంటే పక్క సీటు అమ్మాయి గోళ్ళ రంగు సీసా మూత తీసింది. గుంతల రోడ్డు మీద, కదిలే బస్సులో, గోళ్ళకు రంగు వేసుకోవాలనుకున్న ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. రెండు వేళ్ళు పూర్తయ్యేసరికి బస్సంతా వాసన. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏందమ్మా గీ వాసన? జర కిటికీ అన్న తియ్యిండ్రి" అని విసుక్కున్నాడు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. చిన్న విమానాల రెక్కల మీద పల్చటి కాగితం అతికించాక, అది బిగుసుకోవడానికి డోపు అనే లేపనం పూస్తారు. దాని వాసన అచ్చం ఇలాగే ఉంటుంది. జనగామలో మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబు సాయంత్రాలన్నీ ఆ వాసనతోనే గడిచాయి. రేగొండ స్టాపు వచ్చిందని కండక్టరు అరిచేదాకా నేను ఆ ల్యాబులోనే, యాకూబ్ రెడ్డి సారు ఎదుటి బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాను.

సారును చూడనివాళ్ళకు ముందు ఆయన పేరు సంగతి చెప్పాలి. నేను నెల్లికుదురు దర్జీ కూతుర్ని, నస్రీన్ నా పేరు. డిగ్రీ అయ్యాక జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మొదటి రోజు ఫిజిక్స్ గది తలుపు మీద రంగు పోగా మిగిలిన అక్షరాల్లో 'యాకూబ్' ఒక్కటే కనబడింది. మనవాళ్ళే అనుకుని లోపలికి వెళ్తూనే సలాం చెప్పాను. ఆయన తడబడకుండా, "వాలేకుం సలాం బిడ్డా, కూసో" అన్నారు. కూర్చుని తలెత్తి చూస్తే నుదుట ఎర్రటి బొట్టు. నా మొహం చూసి ఆయన పగలబడి నవ్వారు. "మా అమ్మకు నాకంటె ముందు పుట్టినోళ్ళెవ్వలు దక్కలే. యాకూబ్ బాబా దర్గాల మొక్కుకున్నది, నేను దక్కిన. గందుకే యాకూబ్ రెడ్డి. మీ నెల్లికుదురుల యాకయ్యలు లేరా, యాకమ్మలు లేరా?" ఉన్నారు, వీధికి ఇద్దరేసి ఉన్నారు. అయినా బోల్తా పడ్డాను. ఆ తరువాత ఆయన ప్రతి రోజూ పొద్దున నాకంటే ముందే సలాం చెప్పేవారు, ఏడిపించడానికి.

క్లాసులో ఆయన పద్ధతి వేరు. బోర్డు మీద బొమ్మ తను గీయరు. ఒక పిల్లనో పిల్లాణ్ణో పిలిచి గీయిస్తారు, తను పక్కన కిటికీకి ఆనుకుని, కుడిచేయి జేబులో పెట్టుకుని, తప్పొప్పులు చెబుతుంటారు. పిల్లలకే కాదు, ప్రిన్సిపాలుకూ అది కొత్త రకం బోధన అనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

నాలుగు దాటి కాలేజీ ఖాళీ అయ్యాక ఆయన ఇనుప బీరువా తెరిచేవారు. అందులో ఒక పొడుగాటి అట్టపెట్టె. పెట్టెలో పల్చటి బాల్సా చెక్క పలకలు, కొలతలు గీసిన ఒక నక్ష, కాగితం, ముక్కుకు తగిలించే ఒక పంకా, ఒక రబ్బరు తాడు. బాల్సా అంటే మన జీలుగు బెండుకు అన్న వరస. పెళ్ళి బాసికాలకు వాడే బెండు ఎంత తేలికో ఇదీ ఇంచుమించు అంతే, కాకపోతే దానికన్నా గట్టిది. నక్ష ప్రకారం కోసి అతికిస్తే మూరన్నర రెక్కల విమానం తయారవుతుంది. రబ్బరు తాడును ముక్కు నుంచి తోకదాకా లోపల కట్టి, పంకాను వేలితో తిప్పి మెలిపెట్టి వదిలితే, ఆ మెలి విడేదాకా అది ఎగురుతుంది. ఎటు పోవాలన్నది దాని ఇష్టం, గాలి ఇష్టం. మనం కింద నిలబడి నోరు తెరుచుకుని చూడాలి, అంతే.

సరిగ్గా ఇలాంటిదే సారు చదువుకునే రోజుల్లో అబిడ్స్‌లో ఒక దుకాణంలో కొనుక్కుని, సెలవుల్లో బచ్చన్నపేట దగ్గరి తమ ఊళ్ళో కూర్చుని కట్టారట. చెరువు పక్కన వాళ్ళ మెట్ట చెలకలో నిలబడి ఎండవేళ వదిలారట. నేల నుంచి లేచే వేడిగాలి దాన్ని అందుకుంది. రబ్బరు మెలి అయిపోయింది, పంకా ఆగిపోయింది, విమానం మాత్రం దిగలేదు. సుడులు తిరుగుతూ పైకి పోయి, చెరువు దాటి, చుక్కంత అయి, లేకుండా పోయింది. "ఊరోళ్ళందరు మస్తు మెచ్చుకున్నరు బిడ్డా. ఎంత దూరం పోయిందిరా యాకూబూ అన్నరు. నాకు ఏడుపొచ్చింది. పోవుడేం గొప్ప? ఎవలైనా పోతరు. తిరిగొచ్చుడు గొప్ప." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. ఆ తరువాత ఉద్యోగం, పిల్లలు, పొలం తగాదాలు. ఇప్పుడు గోరంత మోటార్లు, అగ్గిపెట్టెలో పట్టే రిసీవర్లు వచ్చాయి. రబ్బరు తాడు తీసేసి వాటిని పెట్టుకుంటే ఆ విమానమే మాట వింటుంది. రిటైరయ్యేలోగా అలాంటి విమానం ఆ చెలక మీదే ఎగరాలి, తన చేయి పిలిస్తే తిరిగి రావాలి. సారుకు ఉన్న కోరిక అదొక్కటే. పిల్లల పెళ్ళిళ్ళ గురించి కూడా ఆయన అంత పట్టుదలగా మాట్లాడగా నేను వినలేదు.

"నీకు కత్తెర వట్టుడు వచ్చు గదా, జర సాయం జేస్తవా?" అని అడిగారు ఒక సాయంత్రం. దర్జీ కూతుర్ని కత్తెర పట్టడం వచ్చా అని అడగటం, చేపను ఈత వచ్చా అని అడిగినట్టే. సరేనన్నాను. ఆ రోజు నుంచి కోతలన్నీ నావి, లెక్కలన్నీ ఆయనవి. ఎందుకు కోతలన్నీ నాకే వదిలేస్తున్నారని నేను ఆలోచించలేదు, నా పనితనం మీద నమ్మకం అనుకుని మురిసిపోయాను.

నమ్మకం కూడా ఉండేది లెండి, అబద్ధమెందుకు. రబ్బరు విమానానికి తోక కదలదు. రిమోటుతో తిప్పాలంటే తోకలో చుక్కాని పలకలను కోసి వేరుచేసి, తలుపు రెక్కల్లా ఆడేలా మళ్ళీ బిగించాలి. సారు దానికోసం ప్లాస్టిక్ కీళ్ళు తెప్పించారు. అవి నాకు నచ్చలేదు. "గివెందుకు సార్, దారంతోటి కుడత" అన్నాను. ఒక కుట్టు పైనుంచి, ఒక కుట్టు కిందినుంచి, అడ్డంగా మార్చి మార్చి వేసుకుంటూ పోతే పలక అటూ ఇటూ సాఫీగా ఆడుతుంది, దారానికి బరువన్నదే ఉండదు. నేను కుట్టి ఇచ్చినదాన్ని ఆయన ఊదినంత మెత్తగా వేలితో తాకి, ఆడించి, "మీ అబ్బాజాన్‌కు నా సలాం చెప్పు" అన్నారు. నాకు ఆ నెల జీతం కన్నా ఆ మాట ఎక్కువ.

అయితే తిట్లు కూడా తిన్నాను. మా ఇంట్లో ఏది కుట్టినా పదేళ్ళు చిరగకూడదన్నది నియమం. అదే బుద్ధితో తోక సన్నగా ఉందని జాలిపడి, సారు లేనప్పుడు వెదురు పుల్లలు చీరి లోపల అతికించి, జిగురు దిట్టంగా పూశాను. ఆయన వచ్చి దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, "గీ తోకతోటి ఎవలనన్న కొట్టాల్నని జేసినవా బిడ్డా?" అన్నారు. నేను బిక్కమొహం వేశాను. "ఎగిరేదానికి ఎముకలు సన్నగనే ఉండాలె. పెట్టుడు అందరికి వస్తది. తీసుడు నేర్వాలె" అని, ఆ పుల్లలన్నీ నా చేతే తీయించారు. అతికించడానికి ఒక గంట పట్టింది. చెక్క విరగకుండా తీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అప్పుడు లోపల్లోపల తిట్టుకున్నాను గానీ, ఆ రెండు సాయంత్రాల్లో నాకు వచ్చిన విద్య ఇంకెక్కడా రాలేదు.

తోకను తిప్పే చిన్న మోటార్లు ఎక్కడ పెట్టాలన్నది వచ్చేసరికి ఇద్దరం కలిసి పప్పులో కాలేశాం. వెనక రబ్బరు తాడు కొస కట్టే చోట నక్షలోనే ఒక గట్టి పలక ఉంది. తీసిపారేయడం ఎందుకు, సిద్ధంగా ఉన్న చోటు, తోకకూ దగ్గర. మోటార్లు అక్కడే బిగించాం. విమానం మొత్తం సిద్ధమయ్యాక బరువు సమంగా ఉందో లేదో చూడటం సారు వంతు. రెక్క కింద రెండు చూపుడువేళ్ళూ ఆనించి పైకెత్తితే, సమంగా ఉన్న విమానం నేలబారుగా నిలవాలి. తోక బరువైతే వెనక్కి వాలుతుంది. సారు ఎత్తారు. విమానం ముందుకూ వెనక్కూ ఊగింది. "సరిపోయింది" అన్నారు వెంటనే దించేస్తూ. ఊగింది విమానమా, వేళ్ళా అని నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పెద్దాయన సరిపోయిందన్నాక నేనెవర్ని అడగడానికి?

ఆదివారం కాలేజీ గ్రౌండులో మోటారు వేయకుండా చేత్తో విసిరి చూశాం. విసరగానే ముక్కు పైకెత్తింది, గాలిలో ఆగింది, తోక మీద కూలబడింది. విరిగిన చోట అతికించి మళ్ళీ విసిరాం. మళ్ళీ అంతే. ఏనుగు వెళ్ళి తోక చిక్కిందంటారు, మాకు చిక్కు నిజంగానే తోక దగ్గరే ఉందని అప్పుడు తెలియదు. గాలి ఎక్కువుందన్నారు సారు. నా విసురే బాగా లేదన్నాను నేను. ఇద్దరం ఒకరి తప్పు ఒకరు కాస్తూ ఇంటికి పోయాం.

తరువాతి ఆదివారం సారు భార్య సుగుణమ్మ కూడా టిఫిన్ డబ్బాతో గ్రౌండుకు వచ్చారు. వాళ్ళ ఇల్లు గోడ అవతలే. వస్తూ వస్తూ కొంగు ముడిలోంచి చిన్న నిమ్మపిందె, రెండు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చినవి తీసి, నేరుగా విమానం దగ్గరికి వచ్చి, ముందు చక్రాల తీగకు కట్టడం మొదలుపెట్టారు. సారు గుండె ఆగినంత పనైంది. "అరే! బరువైతది! గది విమానమే, లారీ గాదు!"

"లారీ అయితే పడ్డా లేస్తది. గీ కాయితప్పిట్టకు ఏమున్నది?" అని ఆమె రెండో ముడి వేశారు. "వారం సంది ఇద్దరు గీ గ్రౌండుల కుస్తీ వడ్తున్రు, వాడకట్టంత సూస్తున్నరు. దిష్టి దగలక ఏమైతది? నేను కట్టుడు కట్టుడే."

సారు నావైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. మొగుడూ పెళ్ళాల మధ్య ల్యాబ్ అసిస్టెంటుకు పనేముంది? చివరికి ఆయన, "సరే, ఒక్కసారి ఇసురు, పడ్డంక ఇప్పేద్దాం" అన్నారు. నేను విసిరాను. విమానం ముక్కు ఎత్తలేదు. గచ్చు మీద జారినట్టు సాఫీగా పోయి, వాలీబాల్ స్తంభాలు దాటి, గడ్డిలో మెల్లగా దిగింది. సారు వెళ్ళి నిమ్మపిందె విప్పించి మళ్ళీ విసిరించారు. కూలబడింది. కట్టించారు. సాఫీగా పోయింది. అప్పుడాయన గడ్డిలో చతికిలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "తోక బరువు బిడ్డా! మోటార్లు ఎన్కకు వెట్టినం. ముక్కుకు బరువు చాలలే. ఇన్నేండ్ల సంది పిల్లలకు గురుత్వ కేంద్రం చెప్తున్న, మా ఇంటామె నాకు నిమ్మకాయతోటి చెప్పింది!"

సుగుణమ్మకు గురుత్వ కేంద్రంతో పని లేదు, దిష్టి పోయిందన్నంతవరకే ఆమెకు సంతోషం. కానీ ఆమె ఒక్క ప్రశ్న అడిగారు. "మరి గదంత ముందుగాల చూసుకోరా మీరు?" చూశారమ్మా, వేళ్ళ మీద పెట్టి సారే చూశారు అన్నాను నేను. ఆమె నవ్వు ఆగిపోయింది. "చెయ్యి వణుకుతున్నదని చెప్పరాదయ్యా ఆ పిల్లకు? దానికి గూడ దాచవడ్తివి."

సారు జేబులోంచి కుడిచేయి తీసి మోకాలి మీద పెట్టారు. అది దానంతట అదే కదులుతోంది, బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనిపించని గింజ నలుపుతున్నట్టు. హనుమకొండ దవాఖానలో చూపించారట. తగ్గేది కాదు, మెల్లగా పెరిగేదే అన్నారట. "చాక్‌పీస్ పోయింది, పర్వాలే అనుకున్న" అన్నారు సారు. "సంతకం వంకర పోయింది, పర్వాలే అనుకున్న. గిది గూడ పోతదా అని భయమైంది. గందుకే చెప్పలే." అప్పటిదాకా నాకు సారంటే గౌరవం. ఆ గడ్డిలో కూర్చున్న మనిషంటే నాకు ప్రేమ పుట్టింది. "మోటార్లు ముందుకు మారుస్త సార్, రేపే" అన్నాను.

మార్చాను. ఈసారి వేళ్ళ మీద పెట్టి చూసింది నేను. నిమ్మపిందె అవసరం లేకుండానే విమానం నిలకడగా జారింది. సారు రిమోట్ తీసి నా చేతిలో పెట్టి, "ఇగ నువ్వే ఎగిరెయ్యి" అన్నారు, పెన్ను ఇచ్చినంత మామూలుగా. మొదటిసారి మోటారు వేసి పైకి లేపినప్పుడు నా ప్రాణాలు నా దగ్గర లేవు. అది కొంచెం ఎడమకు వాలితే కుడికి గుంజాను, కుడికి వాలితే ఎడమకు గుంజాను, రెండు క్షణాల్లో తాగుబోతు నడకలా తయారైంది. సారు పక్కనుంచి ఒక్క మాటే అన్నారు. "చేతులు తియ్యి బిడ్డా. దానికి ఎగురుడు వచ్చు. నువ్వు అడ్డం రాకు." వేళ్ళు తీశాను. విమానం రెండుసార్లు ఊగి, తనంతట తానే సర్దుకుని, నేరుగా పోయింది. ఎందుకంటే అది పుట్టుకతో రబ్బరు విమానం. దాన్ని గీసినవాళ్ళు కింద ఎవరూ తిప్పేవాళ్ళు ఉండరని తెలిసే, రెక్కల కొసలు పైకి వంచి పెట్టారు. గాలి ఒక పక్క తోస్తే ఆ వంపే దాన్ని మళ్ళీ నిటారు చేస్తుంది. మేము పెట్టిన రిమోటు దానికి దారి చెప్పడానికి మాత్రమే.

నెల తిరిగేసరికి నాకు చేయి కుదిరింది. గ్రౌండు చుట్టూ తిప్పి, నా కాళ్ళ దగ్గరికి తెచ్చి దించేదాన్ని. ఆ పనిలో నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది. సారు గోడ నీడలో గొడుగు పట్టుకుని నిలబడి శభాష్ అనేవారు. ఇగ చాలు, నా కోరిక తీరినట్టే అనేవారు. నేను నమ్మాను కూడా. ఒకరోజు విమానాన్ని మలుపు తిప్పుతూ పక్కకు చూస్తే, గొడుగు కాడ మీద ఆయన ఎడమ బొటనవేలు కదులుతోంది. వణికే చేయి కాదది, రెండోది. నేను ఎడమకు తిప్పితే ఎడమకు, కుడికి తిప్పితే కుడికి. నాతోపాటు ఆయన కూడా తిప్పుతున్నారు, చేతిలో ఏమీ లేకుండా. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ల్యాబులో పంకా విప్పేసి, విమానాన్ని బల్ల మీద పెట్టి, రిమోట్ సారుకు ఇచ్చాను. ఊరికే పట్టుకోండి సార్ అన్నాను. తోకను తిప్పే పుల్ల రిమోటులో కుడిచేతి కిందే ఉంటుంది, ఆయన పట్టుకోగానే తోక పలక టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన రిమోట్ కింద పెట్టబోతే, వద్దు పట్టుకునే ఉండండి అన్నాను. పలకను లాగే సన్న తీగ ఒక చిన్న కొమ్ముకు తగిలించి ఉంటుంది, ఆ కొమ్ముకు వరసగా రంధ్రాలు. తీగను పలక దగ్గరి రంధ్రం నుంచి తీసి కొసన ఉన్నదానికి మార్చాను. అప్పుడు వేలు ఎంత కదిలినా పలక కొంచెమే కదులుతుంది. రిమోటులో కూడా చిన్న కదలికలను మెత్తబరిచే ఏర్పాటు ఒకటి ఉంది, దాన్ని పెంచాను. సారు చేయి అలాగే వణుకుతోంది. పలక మాత్రం దాదాపు నిలబడిపోయింది.

నేను సంతోషంగా తలెత్తితే ఆయన మొహం ఎర్రబడి ఉంది. "ఏందిది? నాకు పసిపిల్లల బండి జేస్తున్నవా?" సారుకు కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి. నాకూ కోపం వచ్చింది. నేను ఊరుకునే రకం కాదు. "గాలికి ఊగకుండ రెక్కలు వంచిన్రు గదా సార్, వాళ్ళను మీరు ఏమన్నరా? తెలివైనోళ్ళు అన్నరు. నేను చేతికి ఊగకుండ తీగ మార్చిన. దాంట్ల తప్పేమున్నది?" అన్నాను. ఆయన రిమోట్ బల్ల మీద పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఉద్యోగం పోతే పోయింది, ఆయన మళ్ళీ మాట్లాడకపోతే ఎలాగన్నది అసలు భయం. పొద్దున కాలేజీకి వెళ్తే గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. సలాం కూడా చెప్పలేదు. "ఎన్నడు పోదాం బచ్చన్నపేటకు?" అన్నారు.

పత్తి ఏరడం అయిపోయి, కట్టె కొట్టేసిన చెలక. పొద్దున్నే వెళ్ళాం, ఎండ ముదిరితే వేడిగాలి లేస్తుందని. సుగుణమ్మ గట్టు మీద కూర్చున్నారు. నేను చేత్తో విసిరాను, సారు రిమోట్ పట్టుకున్నారు. విమానం లేచింది. ఆయన చేయి వణుకుతూనే ఉంది, విమానానికి ఆ సంగతి తెలియదు. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. మూడోసారి మలుపు దగ్గర ఆయన కొంచెం ఆలస్యం చేశారో, కావాలనే పోనిచ్చారో, అది నేరుగా చెరువు మీదికి వెళ్ళింది. నేను మెత్తబరిచిన తోక అది, గబుక్కున తిరగదు. విమానం చిన్నదైపోతోంది. నేను చేయి చాచాను రిమోట్ అందుకోవడానికి. "ఆగు" అన్నారు సారు. పుల్లను పూర్తిగా ఒక పక్కకు నొక్కి అలాగే పట్టుకున్నారు. ఆ చేయి మోచేతి దాకా కంపిస్తోంది, అయినా పుల్లను వదల్లేదు. చాలాసేపు ఏమీ జరగలేదు. తరువాత చెరువు మీద చుక్క కొద్దిగా వాలింది, వెడల్పు చుట్టు తిరగడం మొదలుపెట్టింది, రెక్కలు మళ్ళీ కనబడ్డాయి, ముక్కు మావైపు తిరిగింది.

మా కాళ్ళ దగ్గర దిగలేదు. పత్తి మొదళ్ళ మధ్య చాలా అవతలే కూలబడి, ఒక చక్రం వంగిపోయింది. నేను పరుగెత్తబోతే ఆయన వద్దన్నారు. తనే నడుచుకుంటూ వెళ్ళి, వంగి, రెండు చేతులతో ఎత్తుకున్నారు. "వచ్చింది" అన్నారు. మళ్ళీ, గట్టు మీదున్న భార్యకు వినబడేలా, "వచ్చిందే!" అని అరిచారు. సుగుణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "వస్తది, రాకెక్కడికి పోతది" అన్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆ తరువాత సారు రిటైరయ్యారు, నేను భూపాలపల్లి వచ్చేశాను. ఎగరేయగలిగినన్నాళ్ళు ఎగరేశారు, నేను జనగామ వెళ్ళినప్పుడల్లా తీగలు, మెత్తదనం సర్దివచ్చేదాన్ని, చేయి మారుతున్నకొద్దీ మారుస్తూ. చివరి ఏడాది ఆయన రిమోట్ పట్టలేదు, నన్ను ఎగరేయమని మంచం గుమ్మంలోకి వేయించుకుని చూశారు. పోయిన వానాకాలం పోయారు. మనిషి లేడన్న బాధ నాకు తగ్గలేదు. అయినా ఆయన్ని తలుచుకున్నప్పుడు ముందు వచ్చేది బాధ కాదు, ధైర్యం. ఎలాంటి చేతికైనా ఎగరడం అందుతుందని నేను కళ్ళారా చూశాను. ఆ నమ్మకం మీదే నేను ఈనాడు బతుకుతున్నాను.

ఇప్పుడు భూపాలపల్లిలో పొలాలకు మందు కొట్టే డ్రోన్లు బాగుచేస్తాను, మండలాలు తిరిగి రైతులకు నడపడం నేర్పిస్తాను. మొన్న రేగొండ వెళ్ళింది అందుకే. ఆడవాళ్ళ సంఘం వాళ్ళు, పదిమందికి పైగానే వచ్చారు. వాళ్ళలో సమ్మక్క అని ఒకామె. ఎప్పుడో గడ్డి కోసే మిషన్‌లో పడి బొటనవేలు నలిగి, సగానికి మించి వంగదు. ఆమె రిమోట్ పుల్లను మెల్లగా తోయలేకపోయింది, తోస్తే ఒక్కసారే పోతుంది. డ్రోను ఎగిరిపడింది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా వాళ్ళతోపాటు నవ్వి, రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా చెయ్యి గింతే బిడ్డా. నాతోటి గాదు. ఇంకోల్లకు చెప్పు" అంది. నవ్వుతున్న మొహంలో కళ్ళు మాత్రం డ్రోను మీదే ఉన్నాయి.

నేను రిమోట్ ఆమె చేతికే తిరిగి ఇచ్చి, బొటనవేలును పట్టుకుని ఎంతవరకు వంగుతుందో చూశాను. సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాను.

"మల్లొక్కసారి తొయ్యక్కా" అన్నాను. "నీ వేలు ఎట్ల పోతదో గట్లనే పోనియ్యి. దాన్ని బట్టి నేను సర్దుత."

ఆమె తోసింది.